జెన్ బండికి ఎస్టీమ్ హెడ్డు బిగిస్తే పికప్ పెరుగుతుందా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఒక గ్రామం. 2002 నాటి మారుతి జెన్ ఎంపీఎఫ్‌ఐ కారును సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇంజన్ 993 సీసీ, మీటరు లక్షా ముప్పై వేల కిలోమీటర్లు దాటింది. పాత యజమాని 14 అంగుళాల అల్లాయ్ చక్రాలు, 175/65 టైర్లు వేయించారు. ఇంటిల్లిపాదీ ఎక్కి, ఏసీ వేసుకుని భూపాలపల్లి దారిలో వెళ్తుంటే ఇసుక లారీలను, బొగ్గు టిప్పర్లను దాటడానికి బండి లాగడం లేదు. మైలేజీ కూడా 14కు పడిపోయింది. ఎస్టీమ్ 1.3 ఇంజన్ హెడ్డు, దాని త్రాటిల్ బాడీ, ఇంజెక్టర్లు మా ఇంజన్ మీద బిగిస్తే ఇరవై హార్స్ పవర్ పెరుగుతుందని మా షెడ్డు మెకానిక్ అంటున్నారు. హెడ్డు తెప్పించి పెట్టారు, నేను కొంత అడ్వాన్సు కూడా ఇచ్చాను. అది వద్దనుకుంటే ఎస్టీమ్ ఇంజన్ మొత్తంగా మార్చేద్దామని, ఆర్‌సీ సంగతి ఎవరూ అడగరని చెబుతున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: ఆ హెడ్డు, అంటే సిలిండర్ల మీద మూతలా కూర్చునే ఇంజన్ పై భాగం, మీ బండికి బిగించవద్దు. దాని వల్ల ఇరవై హార్స్ పవర్ పెరగకపోగా, ఇప్పుడున్న శక్తిలో కొంత తగ్గే అవకాశమే ఎక్కువ. ఇంజన్ మొత్తం మారిస్తే శక్తి నిజంగానే పెరుగుతుంది కానీ, ఆ మార్పుకు చట్టం ఒప్పుకోదు. మీ ఉత్తరంలో మీరు యథాలాపంగా రాసిన ఒక వాక్యంలో మీ సమస్యకు సగం కారణం కనిపిస్తోంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు హెడ్డు సంగతి చూద్దాం, ఎందుకంటే మీ మెకానిక్ మాట పూర్తిగా కొట్టిపారేయదగినదేమీ కాదు. జెన్, ఎస్టీమ్ రెండూ సుజుకీ వారి జి శ్రేణి ఇంజన్లతో వచ్చినవే, రెండింటిలోనూ నాలుగు సిలిండర్లే, ఎంపీఎఫ్‌ఐ (ఒక్కో సిలిండరుకు విడిగా ఇంజెక్టరుతో పెట్రోలు అందించే పద్ధతి) వచ్చాక రెండింటికీ 16 వాల్వులే. అక్కడ 85 హార్స్ పవర్, ఇక్కడ 60 ఉన్నప్పుడు, ఆ తేడా అంతా పైన ఉన్న హెడ్డులోనే ఉందని అనుకోవడం సహజం.

అయితే తేడాలో పెద్ద భాగం కింద ఉంది. మీ జెన్ ఇంజన్ బోరు (సిలిండరు వ్యాసం) 72 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 61 మిల్లీమీటర్లు కాగా, ఎస్టీమ్ ఇంజన్ బోరు 74, స్ట్రోకు 75.5. అంటే మీ ఇంజన్‌లో ఒక్కో సిలిండరు ఒక్కసారికి దాదాపు 248 సీసీల గాలిని పీల్చుకుంటే, ఎస్టీమ్‌లో ఒక్కో సిలిండరు దాదాపు 325 సీసీలు పీల్చుకుంటుంది. ఎస్టీమ్ హెడ్డులో పెట్రోలు మండే గుంటను ఆ 325 సీసీల కోసం తవ్వారు. రెండు ఇంజన్లకూ కంప్రెషన్ నిష్పత్తి (సిలిండరులోకి వచ్చిన గాలి ఎన్నో వంతుకు నొక్కుకుపోతుందన్న లెక్క) 9.5 అనుకుని లెక్క వేసి చూడండి. పిస్టన్ పైకి చేరినప్పుడు మిగిలే ఖాళీ మీ ఇంజన్‌లో 29 సీసీలు ఉండాలి, ఎస్టీమ్‌లో 38 సీసీలు ఉండాలి. పిస్టన్ తల ఆకారమూ హెడ్డు కింద వేసే ప్యాకింగ్ మందమూ ఒక్కటే అనుకుని, 38 సీసీల గుంట ఉన్న హెడ్డును తెచ్చి 248 సీసీల సిలిండరు మీద కూర్చోబెడితే కంప్రెషన్ నిష్పత్తి 9.5 నుంచి 7.5కు దిగిపోతుంది. సిద్ధాంతం ప్రకారం చూసినా ఈ ఒక్క కారణంగానే ఇంజన్ శక్తిలో ఏడు శాతం పోతుంది. అరవై హార్స్ పవర్‌లో ఏడు శాతమంటే నాలుగు హార్స్ పవర్లు. డబ్బు ఖర్చు పెట్టి మరీ నాలుగు పోగొట్టుకుని, పైగా పెట్రోలు ఎక్కువ తాగే బండిని ఇంటికి తెచ్చుకుంటారు.

ఈ లెక్క చెబితే మీ మెకానిక్ వెంటనే ఇచ్చే జవాబు, 'హెడ్డు ఫేసింగ్ చేయిద్దాం' అనేదే. లేత్ షెడ్డులో హెడ్డు అడుగు భాగాన్ని చెక్కి గుంటను చిన్నది చేయవచ్చన్న మాట నిజమే, కానీ ఎంత చెక్కాలో చూడాలి. తొమ్మిది సీసీలు తగ్గించాలంటే 72 మిల్లీమీటర్ల బోరు వైశాల్యం మీద కనీసం 2.2 మిల్లీమీటర్లు చెక్కాలి. గుంట వైశాల్యం బోరు కంటే తక్కువ కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే చెక్కవలసి వస్తుంది. వేడికి వంగిన హెడ్డును సరిచేయడానికి మిల్లీమీటరులో పదో వంతో, రెండు పదో వంతులో చెక్కితేనే జాగ్రత్తగా ఉండాలని కంపెనీలు హెచ్చరిస్తాయి. అలాంటిది రెండు మిల్లీమీటర్లకు పైగా చెక్కితే నీళ్లు తిరిగే దారులకూ గుంటకూ మధ్య ఉన్న లోహం పలచబడుతుంది, క్యామ్ షాఫ్టు క్రాంక్‌కు దగ్గరై టైమింగ్ బెల్టు వదులవుతుంది, వాల్వు టైమింగ్ జరిగిపోతుంది, వాల్వులు పిస్టన్ తలకు తగిలే ప్రమాదం వస్తుంది. వీటికి తోడు 74 మిల్లీమీటర్ల బోరు కోసం అమర్చిన వాల్వులు 72 మిల్లీమీటర్ల బోరు అంచును రాసుకోకుండా తెరుచుకుంటాయా లేదా, ప్యాకింగ్ ఏ బోరుకు సరిపోయేది వేయాలి, ఆయిల్ దారులూ నీళ్ల దారులూ బోల్టు రంధ్రాలూ ఒకదానికొకటి ఎదురుగా వస్తాయా లేదా అన్న ప్రశ్నలు ఉండనే ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కదానికీ కొలిచి చూపించిన జవాబు లేకుండా హెడ్డు విప్పడమంటే మోకాలికీ బోడిగుండుకూ ముడిపెట్టడమే.

పెద్ద త్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి వెళ్లే గాలిని నియంత్రించే కవాటం ఉన్న భాగం) గురించి ఒక్క మాట. దాన్ని బిగించాక యాక్సిలరేటర్ కొంచెం తొక్కగానే బండి ముందుకు దూకినట్టు అనిపిస్తుంది, అందుకే వేయించుకున్నవారు బాగుందని చెబుతారు. పెద్ద కవాటం కొద్దిగా తెరుచుకున్నా ఎక్కువ గాలి వస్తుంది కాబట్టి అలా అనిపిస్తుందే తప్ప, పూర్తిగా తొక్కినప్పుడు 993 సీసీల ఇంజన్‌కు కావలసిన గాలిని పాత త్రాటిల్ బాడీ కూడా ఇవ్వగలదు. ఇంజెక్టర్ల సంగతి ఇంకా ఇబ్బందికరమైనది. మీ బండి ఈసీయూ (ఇంజన్‌ను నియంత్రించే చిన్న కంప్యూటరు) మానిఫోల్డులోని (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల్లోని) ఒత్తిడిని, ఇంజన్ వేగాన్ని చూసి, ఇంత గాలి లోపలికి వెళ్లి ఉంటుందని అంచనా వేసి, ఇంజెక్టరును అంత సేపు తెరిచి ఉంచుతుంది. ఆ అంచనా పట్టిక మీ ఇంజన్‌కు, మీ ఇంజెక్టర్లకు కంపెనీలో తయారుచేసి పెట్టినది. పెద్ద ఇంజెక్టరు బిగిస్తే అదే సమయంలో ఎక్కువ పెట్రోలు పడుతుంది, ప్లగ్గులు నల్లబడతాయి, ఆయిల్‌లోకి పెట్రోలు దిగుతుంది, పొల్యూషన్ పరీక్షలో బండి నిలబడదు. ఇక బానెట్ కింద తెరిచిన కోన్ ఫిల్టరు పెట్టిస్తామని ఎవరైనా అంటే వినవద్దు. కంపెనీ ఇచ్చిన గాలి గొట్టం ముందు నుంచి బయటి గాలిని తీసుకుంటుంది, కోన్ ఫిల్టరు మాత్రం రేడియేటరు దాటి వచ్చిన వేడి గాలిని పీలుస్తుంది. 25 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి సాంద్రత ఆరు శాతం తక్కువ. మే నెలలో మన వరంగల్‌లో బయటి గాలే 45కు చేరువవుతున్నప్పుడు, బానెట్ కిందనున్న గాలిని ఏరి కోరి తాగించడంలో అర్థం లేదు.

ఇంజన్ మొత్తంగా మార్చడం వేరే విషయం. జెన్‌లో ఎస్టీమ్ ఇంజన్ అన్నది మన దేశంలో కార్ల మీద మోజున్నవారికి బాగా తెలిసిన మార్పు. ఏడు వందల యాభై కిలోలకు అటూ ఇటూ ఉండే బండిలో 85 హార్స్ పవర్ ఇంజన్ పెడితే అది ఎలా పరుగెడుతుందో వేరే చెప్పనవసరం లేదు. ఇక్కడ తేడా ఏమిటంటే బ్లాకు, క్రాంకు, పిస్టన్లు, హెడ్డు, మానిఫోల్డు, ఇంజెక్టర్లు, ఈసీయూ, సెన్సర్లు, వాటి వైరింగ్ అన్నీ ఒకదాని కోసం ఒకటి తయారైనవి, ఒకే బండి నుంచి కలిసి వస్తాయి. ఈ పని సరిగ్గా చేసేవారు ఇంజన్‌తో పాటు క్లచ్, గేర్ బాక్సు, డ్రైవ్ షాఫ్టులు సరిచూస్తారు, మౌంటింగులు తయారుచేస్తారు, రేడియేటరు పెద్దది వేస్తారు, సైలెన్సరు దారి మారుస్తారు, అన్నిటికంటే ముఖ్యంగా బ్రేకులు మారుస్తారు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండిని ఆపడానికి బ్రేకులు పీల్చుకోవలసిన శక్తితో పోలిస్తే, 100 కిలోమీటర్ల దగ్గర పీల్చుకోవలసిన శక్తి యాభై ఆరు శాతం ఎక్కువ. మీ మెకానిక్ ఇచ్చిన అంచనాలో బ్రేకుల ప్రస్తావన ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే ఆ ఒక్క కారణం చాలు, ఆ పని ఆయన చేతిలో పెట్టకపోవడానికి.

ఆర్‌సీ సంగతి ఎవరూ అడగరన్న మాట మాత్రం మిమ్మల్ని నిజంగా ముంచే మాట. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారుచేసిన కంపెనీ మొదట పేర్కొన్న వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను ఇదే అర్థంలో, గట్టిగా వ్యాఖ్యానించింది. అదే ఏడాది చట్టానికి వచ్చిన సవరణలో 182ఎ సెక్షన్‌ను మార్చి రాశారు, దాని ప్రకారం అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. 993 సీసీ అని రాసి ఉన్న ఆర్‌సీ కింద 1298 సీసీల ఇంజన్ తిరగడం ఈ మాటకు సరిగ్గా సరిపోయే ఉదాహరణ. పోలీసులు దారిలో బానెట్ ఎత్తి ఇంజన్ నంబరు చూడరన్నది నిజమే కావచ్చు. కానీ మీది 2002 బండి, పదిహేనేళ్లు నిండాక 2017లో, ఆ తర్వాత 2022లో రిజిస్ట్రేషన్ పొడిగించి ఉంటారు, 2027లో మళ్లీ రవాణా శాఖ అధికారి ముందు నిలబెట్టాలి, అక్కడ ఛాసిస్ నంబరుతో పాటు ఇంజన్ నంబరు కూడా చూస్తారు. అంతకంటే ముందే ఏదైనా ప్రమాదం జరిగితే, బీమా కంపెనీ సర్వేయరు మొదట రాసుకునేది ఆ నంబరునే. బండిలో ఉన్న ఇంజన్ పాలసీలో ఉన్న ఇంజన్ కాకపోతే మీ క్లెయిము చిక్కుల్లో పడుతుంది, ఎదుటివారికి గాయాలైన కేసైతే పరిహారం భారం చివరికి మీ మీదికే రావచ్చు. పైగా తుక్కు దుకాణంలో దొరికిన ఇంజన్ ఏ బండిదో, ఆ బండి ఏ కేసులో ఉందో తెలియదు.

ఇప్పుడు మీ ఉత్తరంలోని ఆ వాక్యానికి వస్తాను. పాత యజమాని 14 అంగుళాల చక్రాలు, 175/65 టైర్లు వేయించారని రాశారు. జెన్‌కు కంపెనీ ఇచ్చినవి 145/70 కొలత (వెడల్పు 145 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 70 శాతం) ఉన్న 13 అంగుళాల టైర్లు. ఆ టైరు మొత్తం వ్యాసం దాదాపు 533 మిల్లీమీటర్లు, మీ టైరు వ్యాసం దాదాపు 583. అంటే మీ చక్రం తొమ్మిది శాతానికి పైగా పెద్దది. ఇంజన్ ఒక్క చుట్టు తిరిగితే బండి ఇదివరకటి కంటే తొమ్మిది శాతం ఎక్కువ దూరం పోవాలి కాబట్టి, రోడ్డు మీద పడే లాగుడు బలం దాదాపు అంతే తగ్గుతుంది. ఇంజన్‌లో ఒక్క భాగమూ అరగకపోయినా అన్ని గేర్లూ ఒక మోస్తరు బరువెక్కినట్టవుతాయి. 60 హార్స్ పవర్ ఇంజన్‌కు ఇది చిన్న విషయం కాదు. పైగా వెడల్పు టైరు, బరువైన చక్రం రెండూ కదలడానికి అదనపు బలం అడుగుతాయి.

ఈ చక్రాల వల్లనే మీకు ఇంకో భ్రమ కూడా కలిగింది. మీటరు చక్రాల చుట్లనే లెక్కపెడుతుంది, ప్రతి చుట్టూ ఎంత పొడవుందో దానికి తెలియదు. కాబట్టి మీ మీటరు 80 చూపించినప్పుడు, కంపెనీ టైర్లతో పోల్చితే బండి 87 మీద ఉంటుంది, వంద కిలోమీటర్లు తిరిగిందని చూపించినప్పుడు 109 తిరిగి ఉంటుంది. మీరు మీటరు చూసి 14 అని లెక్కగట్టిన మైలేజీ నిజానికి 15కు పైనే ఉంటుంది. లారీని దాటేటప్పుడు మీటరు ముల్లు 60 దగ్గర ఆగిపోయినట్టు అనిపించినా, మీరు 65 మీద ఉన్నారన్న మాట. కాబట్టి మొదటి పని, మొదటి ఖర్చు ఇదే. పాత 13 అంగుళాల చక్రాలు నాలుగు సంపాదించి, 145/70 టైర్లు వేయించండి. చక్రాలు పెద్దవి కావడం వల్ల బండి చూడ్డానికి బాగుందన్న తృప్తి పోతుంది, అందుకు నేనేమీ చేయలేను.

రెండో పని, ఇంజన్‌లో ఇప్పుడు ఎంత శక్తి మిగిలి ఉందో కొలిపించడం. లక్షా ముప్పై వేల కిలోమీటర్లు తిరిగిన ఇంజన్‌కు, ఇంకో బండి భాగాలు అతికించే ముందు దాని సొంత అరవైలో ఎన్ని ఉన్నాయో చూసుకోవాలి, మన దగ్గర చాలా షెడ్లలో ఈ పని చేయకుండానే ఖర్చు లెక్క వేసేస్తారు. కంప్రెషన్ పరీక్ష చేయించేటప్పుడు మీరు దగ్గరుండండి. ఇంజన్ వేడెక్కి ఉండాలి, బ్యాటరీ బలంగా ఉండాలి, ప్లగ్గులు నాలుగూ విప్పాలి, పెట్రోలు పడకుండా, నిప్పురవ్వ రాకుండా కనెక్షన్లు తీయాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టాలి. ఒక ప్లగ్గు రంధ్రంలో గేజ్ బిగించి, ముల్లు ఇక పెరగదనిపించేంత వరకు తిప్పి, అంకె రాసుకుని, తర్వాతి సిలిండరుకు వెళ్లాలి. ఈ తరహా సుజుకీ ఇంజన్లు మంచి స్థితిలో ఉంటే 190, 200 పీఎస్‌ఐల (గేజ్ మీద ఒత్తిడి కొలత) దాకా చూపిస్తాయి, 170కి తగ్గితే అరుగుదల ఉన్నట్టు, సిలిండర్ల మధ్య 15 పీఎస్‌ఐల కంటే ఎక్కువ తేడా ఉంటే అది పట్టించుకోవలసిన లోపం. ఏదైనా ఒక సిలిండరులో తక్కువ వస్తే, ప్లగ్గు రంధ్రంలోంచి ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడమనండి. ముల్లు పైకి లేస్తే రింగులు అరిగాయి, లేవకపోతే వాల్వులు సరిగా మూసుకోవడం లేదు. విప్పిన ప్లగ్గులను వరుసగా ఒక గుడ్డ మీద పెట్టి చూడండి. నాలుగింటి కొన ఇటుక రంగుకు దగ్గరగా, ఒకే తీరులో ఉంటే మండడం బాగున్నట్టు. ఒకటి మాత్రం నల్లగా, తడిగా ఉంటే ఆ సిలిండరుతో మాట్లాడవలసిన పని ఉంది.

వాల్వులు లీకైతే అప్పుడు హెడ్డు విప్పించండి. అప్పటికీ మీ హెడ్డునే బాగుచేయించాలి, అంటే వాల్వు సీట్లు కట్ చేయించి, గ్రైండింగ్ చేయించి, గైడ్ సీళ్లు మార్పించి, టాపెట్ల సందు ఫీలర్ గేజ్‌తో పెట్టించాలి. హెడ్డు పగిలి పనికిరాకపోతే, 993 సీసీ 16 వాల్వుల జెన్ హెడ్డునే వెతకాలి. భాగాలు మార్చడానికి నేను వ్యతిరేకిని కాను, మారే భాగం అదే మోడల్‌దై ఉండాలంటాను. జెన్ ఉత్పత్తి 2006లోనే ఆగిపోయినా, ఆటోనగర్‌లో అడిగితే, అక్కడ దొరకకపోతే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో వెతికితే సాధారణంగా దొరుకుతాయి.

టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో మీకు తెలియదు కాబట్టి, ఇప్పుడే మార్చేయండి. మార్చేటప్పుడు గుర్తులు సరిగ్గా ఎదురెదురుగా ఉన్నాయా అని చూడమనండి. గతంలో ఎవరైనా ఒక్క పల్లు తప్పించి బిగించి ఉంటే, బండి స్టార్టవుతుంది, ఐడిల్‌లో నిలబడుతుంది, కానీ లోడు పడగానే చేతులెత్తేస్తుంది. అలాంటి బండికి పెద్ద ఇంజన్ హెడ్డు కావాలని సలహా ఇచ్చిన షెడ్లు ఉన్నాయి. బెల్టు తర్వాత క్యాటలిటిక్ కన్వర్టరు, అంటే పొగలోని విషవాయువులను తగ్గించే భాగం. ఇరవై ఏళ్లు దాటిన బండిలో అది లోపల మూసుకుపోయి ఉండవచ్చు. మానిఫోల్డుకు వాక్యూమ్ గేజ్ తగిలించి, ఇంజన్‌ను 2,500 ఆర్‌పీఎం దగ్గర నిలిపి ఉంచితే, ముల్లు మెల్లమెల్లగా కిందికి దిగుతుంటే పొగ బయటికి పోవడానికి దారి లేదని అర్థం. దాన్ని పగలగొట్టి ఖాళీ గొట్టం పెట్టేద్దామని చెబుతారు, వద్దు, మార్పించుకోండి. క్లచ్ జారుతోందో లేదో చూడడం సులభం. నాలుగో గేరులో గట్టిగా తొక్కినప్పుడు ఇంజన్ చప్పుడు పెరిగి వేగం పెరగకపోతే ప్లేటు అయిపోయినట్టే. చక్రాలు మార్చడానికి జాకీ ఎత్తినప్పుడు, బండి న్యూట్రల్‌లో ఉండగా ఒక్కో చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి, బ్రేకు పట్టుకుని ఉంటే తెలిసిపోతుంది.

పెట్రోలు గురించి కూడా చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, మీ బండి రూపొందినప్పుడు అటువంటి ఇంధనం ఊహలో కూడా లేదు. పాత కార్లలో దీని వల్ల మైలేజీ ఆరేడు శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది, కాబట్టి మీ మైలేజీ తగ్గడంలో కొంత వాటా దీనిది, దానికి మీరు చేయగలిగింది లేదు. చేయగలిగింది ఏమిటంటే, ఇథనాల్‌కు పాత రబ్బరు గొట్టాలు ఉబ్బి, పగుళ్లు వస్తాయి కాబట్టి పెట్రోలు గొట్టాలన్నీ కొత్తవి వేయించడం, ట్యాంకులో ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డి కదిలి ఫిల్టరులో చేరుతుంది కాబట్టి పెట్రోలు ఫిల్టరు మార్చడం, ఇంజెక్టర్లు విప్పించి మిషన్ మీద శుభ్రం చేయించడం. ఈ పని మీ మెకానిక్ చెప్పిన పెద్ద ఇంజెక్టర్ల కంటే ఎన్నో రెట్లు మేలు చేస్తుంది. గొట్టాల విషయంలో బద్ధకం చేయవద్దు, వేడి మానిఫోల్డు పక్కన పెట్రోలు కారడం పికప్ సమస్య కాదు.

ఇవన్నీ అయ్యాక నడపడంలో ఒక మార్పు అవసరం. మీ ఇంజన్ బోరు కంటే స్ట్రోకు చాలా తక్కువ, అంటే ఇది ఎక్కువ చుట్లు తిరగడానికి పుట్టిన ఇంజన్, దాని అరవై హార్స్ పవర్లు 6,000 ఆర్‌పీఎం దగ్గర వస్తాయి. డీజిల్ బండ్లు, ట్రాక్టర్లు నడిపి అలవాటైన చేతులు ఇంజన్ అరవకుండా త్వరగా పై గేరు వేస్తాయి, 50 మీద నాలుగో గేరులో ఉండి లారీ వెనక నుంచి పక్కకు వస్తాయి, అక్కడ బండి లాగదు. మూడో గేరులోకి దిగి, ఇంజన్‌ను 4,000 దాటి తిరగనిచ్చి, దారి ఖాళీ అయ్యాకే బయటికి రండి. ఐదుగురు పెద్దవాళ్లు ఎక్కితే బండి బరువుకు దాదాపు సగం కొత్త బరువు చేరుతుంది, ఏసీ కంప్రెసరు ఇంకొన్ని హార్స్ పవర్లు తీసుకుంటుంది, కాబట్టి దాటే ఆ పది పదిహేను సెకన్లు ఏసీ ఆపేయండి. ఎంత బాగుచేసినా ఇది వెయ్యి సీసీల బండే, ఎదురుగా వచ్చే టిప్పరు ఎంత దూరంలో ఉందో తెలియనప్పుడు, శక్తి చాలుతుందా లేదా అని ఆలోచించవలసిన సందర్భమే కాదు అది.

ఇంతా చేశాక కూడా మీకు చాలదనిపిస్తే, జెన్‌ను అమ్మి, 1.2 లీటర్ల ఇంజన్ ఉన్న పాత స్విఫ్ట్ గానీ అలాంటి మరో బండి గానీ చూసుకోవడం మంచిది. అందులో పెద్ద ఇంజన్‌తో పాటు దానికి తగిన బ్రేకులు, దానికి సరిపోయే ఆర్‌సీ కలిసి వస్తాయి. ఎస్టీమ్ ఇంజన్ మార్చడానికి, దాని చుట్టూ పనులన్నీ సరిగ్గా చేయించడానికి అయ్యే ఖర్చును జెన్ అమ్మితే వచ్చే డబ్బుకు కలిపి చూసుకోండి, బేరం ఎక్కడికి వెళ్తుందో మీకే తెలుస్తుంది.

అడ్వాన్సు ఇచ్చిన హెడ్డు విషయంలో మెకానిక్‌తో గొడవ పడవలసిన పని లేదు. ఆయన దాన్ని తెప్పించడానికి నిజంగా ఖర్చు పెట్టి ఉంటారు. మంచి స్థితిలో ఉన్న ఎస్టీమ్ 16 వాల్వుల హెడ్డుకు, వేడెక్కి హెడ్డు వంగిన ఎస్టీమ్‌లు నడిపేవారి దగ్గర గిరాకీ ఉంటుంది. దాన్ని అమ్మిపెట్టమని, మీ అడ్వాన్సును కంప్రెషన్ పరీక్షకు, టైమింగ్ బెల్టుకు, గొట్టాలకు జమ చేసుకోమని అడగండి. ఒప్పుకుంటే ఆ పనులకు ఆయన షెడ్డునే వాడుకోండి, పరీక్షలో వచ్చిన నాలుగు అంకెలను, 13 అంగుళాల చక్రాలతో ట్యాంకు నింపి నింపి కట్టిన మైలేజీని నాకు రాసి పంపండి, వాటిని చూసి హెడ్డు పని అవసరమో కాదో చెప్పగలను.